నానబోసిన గింజలు

నవంబరు 12, 1787

అందరూ ఎలా ఉన్నారో ముందు రాసుకుంటాను. రాసుకుంటే కాస్త కుదుటపడుతుంది.

ఆసహెల్ ఎలా ఉన్నాడు? ఎడమ కాలు సలుపుతోంది. యుద్ధంలో మంచుకి మూడు వేళ్ళు పోయిన కాలు అది. ఆకాశం కంటే ముందే దానికి వాన తెలుస్తుంది. అడిగితే "బానే ఉందమ్మా" అన్నాడు. బానే ఉంటే గడప మీద కూర్చుని ఎందుకు నొక్కుకుంటాడు?

కోడలు డోర్కస్ ఎలా ఉంది? దగ్గు. పొడి దగ్గు. పొడి దగ్గే మంచిది కాదంటారు.

మనవరాలు లోయిస్ ఎలా ఉంది? పన్ను నొప్పి. లవంగం పెట్టుకోమంటే కారంగా ఉందని ఉమ్మేసింది.

ఆవు? పాలు తగ్గించింది.

పక్కింటి సబ్మిట్? ఎడమ కంట్లో పొర ముదిరింది. "ఒక కన్ను చాల్లే వదినా, ఈ ఊళ్ళో రెండు కళ్ళతో చూడాల్సిందేముంది" అంటుంది. దానికి మొగుడు పోయాడు, కన్ను పోతోంది, నవ్వు మాత్రం పోలేదు.

నేను? గుండె దడ. అరవై తొమ్మిదేళ్ళు. అడగకూడదు.

జోథమ్? తెలియదు.

పదకొండేళ్ళ ఎనిమిది నెలలుగా ఇదే రాస్తున్నాను. జోథమ్, తెలియదు.

నవంబరు 19

ఉత్తరం వచ్చింది.

సూదులూ దువ్వెనలూ అమ్మేవాడు తెచ్చాడు. పైనున్న రాత చూడగానే గుర్తుపట్టాను. ఆ రాత నాకు తెలియకపోవడమేమిటి? నాకు రాత నేర్పిందే ఆ చెయ్యి. చదవడం చిన్నప్పుడే వచ్చింది, బైబిలు చదవాలి గనక. ఆడపిల్లకి రాత ఎందుకని మా నాన్న నేర్పించలేదు. నాకు యాభై ఏడో ఏడు వచ్చాక, బడిపంతులైన నా చిన్న కొడుకు వంటింటి బల్ల దగ్గర నా వేళ్ళు పట్టుకుని దిద్దించాడు. ఈ కాగితాలు కూడా వాడి బడిలో మిగిలినవే.

నోవా స్కోషియాలో ఉన్నాడట. చేపలు ఎండబెట్టేవాళ్ళకి లెక్కలు రాసిపెడతాడట. పెళ్ళి చేసుకున్నాడట, ఆ పిల్ల పోయిందట. కూతురు ఉందట, ఎనిమిదేళ్ళది. దాని పేరు మెహిటబుల్.

నా పేరు పెట్టాడు.

తిరిగి రావాలని ఉందట. ఊరు ఒప్పుకుంటే.

నవంబరు 20

ఉత్తరం ఆసహెల్‌కి చదివి వినిపించాను. మధ్యలో ఒక వాక్యం చదవలేదు. దీపం సరిగ్గా లేదు, అక్షరాలు అలుక్కుపోయాయి.

విన్నంతసేపూ ఆసహెల్ కొడవలికి పిడి బిగిస్తూనే ఉన్నాడు. చివరికి, "ఊరు ఒప్పుకోదు" అన్నాడు.

"నువ్వు?"

"నేను ఊరివాణ్ణే కదమ్మా."

నవంబరు 21

దీపం బాగానే ఉంది. పొద్దున మళ్ళీ చదివాను. ఆ వాక్యం ఇలా ఉంది: "రూబెన్‌కి ఈపాటికి పెళ్ళై పిల్లలు కూడా ఉండి ఉంటారు, వాడికి నా ముద్దులు చెప్పు."

రూబెన్ ఆసహెల్ కొడుకు. జోథమ్ బడిలో అందరికన్నా బాగా లెక్కలు చేసేవాడు. పంతొమ్మిదో ఏట, న్యూయార్కు రేవులో రాజుగారి ఖైదీల ఓడలో జ్వరంతో పోయాడు. వాడి కోటు కూడా మాకు రాలేదు.

జోథమ్‌కి తెలియదు. ఎవరు చెప్తారు?

ఉత్తరం బైబిల్లో పెట్టాను, ఎవరూ తెరవని చోట, సంఖ్యాకాండంలో.

డిసెంబరు 10

ఆసహెల్ కాలు పరవాలేదు. డోర్కస్ దగ్గు అలాగే ఉంది. లోయిస్ పన్ను పీకించాం. జోథమ్, చేపల దగ్గర ఉన్నాడు. ఇలా రాయడం ఇంకా అలవాటు కాలేదు.

ఇవాళ సభ. పదమూడు రాష్ట్రాలకీ కలిపి కొత్త ప్రభుత్వం ఎలా ఉండాలో పెద్దలు రాసిన కాగితాన్ని సభామందిరంలో మొదటినుంచీ చివరిదాకా చదివారు. దాన్ని ఒప్పుకోవాలో వద్దో తేల్చడానికి బోస్టన్‌కి ఒక మనిషిని పంపాలి. ఆసహెల్‌ని పంపాలన్నారు.

మా థార్న్‌బరీలో మనిషి సంగతి వచ్చినప్పుడు చేతులెత్తరు. ముఖం చూసి ముఖాన్ని కాదనడం కష్టమని మా పెద్దల కాలంనుంచీ వస్తున్న పద్ధతి. ప్రతివాడూ గుప్పిట మూసుకుని పెట్టె దగ్గరికి వెళ్తాడు. మొక్కజొన్న గింజ వేస్తే ఔను, చిక్కుడు గింజ వేస్తే కాదు. ఎవరిది ఏ గింజో దేవుడికే తెలియాలి. ఆ పెట్టె చేసింది మా ఆయన. అందుకని ఆయన ఉన్నప్పటినుంచీ మొక్కజొన్న సంచి ఒకటీ, చిక్కుడు సంచి ఒకటీ మా ఇంటినుంచే వెళ్ళాలి. గుప్పిట్లో తేడా తెలియకూడదని ఒకే సైజు గింజలు ఏరి పెడతాను. ఓటు నాకు లేదు. ఏరడం నాది.

అరవై తొమ్మిది మొక్కజొన్న, ఆరు చిక్కుడు. ఆసహెల్ వెళ్తాడు.

చలి. ఆ కాలితో.

డిసెంబరు 31

బోస్టన్‌కి మూడు రోజుల దారి. మంచుబండి తిరగబడితే? కోటుకి లోపల ఇంకో పొర వేసి కుడుతున్నాను.

జనవరి 4, 1788

వెళ్ళాడు.

జనవరి 13

ఉత్తరం లేదు.

జనవరి 22

లేదు. డోర్కస్ "దారులు మూసుకుపోయాయి అత్తయ్యా" అంటుంది. మొన్న కూడా అదే అంది. దానికి తెలిసింది నాకు చెప్పడం లేదేమో.

జనవరి 23

దానికీ తెలియదు. వంటింట్లో ఏడుస్తుంటే చూశాను. ఇద్దరం కలిసి సబ్బు కాచాం.

ఫిబ్రవరి 11

వచ్చాడు! కాలు వాచింది, ముక్కు చలికి కందింది, మనిషి మాత్రం మనిషిలాగే ఉన్నాడు. వేడి పళ్ళరసం తాగించి, కాళ్ళు ఆవపిండి కలిపిన వేడినీళ్ళలో పెట్టించి, అప్పుడు అడిగాను.

"ఏమైందిరా?"

"ఓడిపోయామమ్మా. నూట ఎనభై ఏడు, నూట అరవై ఎనిమిది."

ఆసహెల్ వద్దన్నవాళ్ళలో ఒకడు. ఒక రాజుని సాగనంపి ఇంత పెద్ద ప్రభుత్వాన్ని నెత్తిన పెట్టుకుంటే, మన హక్కులు ఎక్కడున్నాయో కాగితంలో రాయకపోతే ఎలా అని వాడి బెంగ. బెంగ పడే గుణం నానుంచే వచ్చి ఉంటుంది.

"పందొమ్మిది మంది తేడా" అని లోయిస్ వేళ్ళమీద లెక్కేసింది.

"ఔను. లెక్క అయ్యాక ఓడినవాళ్ళలో కొందరు ఒకరి తర్వాత ఒకరు లేచారు. న్యాయంగా ఓడాం, ఇంటికెళ్ళి ఈ ప్రభుత్వాన్నే నిలబెడతాం అన్నారు."

"నువ్వూ లేచావా?"

"లేచాను."

"ఏమన్నావు?"

"అదే అన్నాను. నాకు మాటలు రావు కదమ్మా, ముందువాడు అన్నదే అన్నాను." కాళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "కుడిపక్కన కూర్చున్నాయన గెలిచినవాడు. లేచి జరిగి నాకు చోటిచ్చాడు. రాత్రి భోజనం కూడా కలిసే చేశాం."

"మరి మిమ్మల్ని ఎవరూ వెళ్ళిపొమ్మనలేదా?"

"ఎక్కడికి పొమ్మంటారు? మన దేశమే కదా ఇది."

నోరు ఊరుకోలేదు. పెద్దదాన్ని, ఊరుకోవాల్సింది. "జోథమ్ కూడా ఓడిపోయినవాడే కదరా" అన్నాను.

వాడు తువ్వాలు మడిచాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు.

"ఓడిపోవడం వేరమ్మా. ఎవరి పక్కన నిలబడి ఓడిపోయాడు వాడు? రూబెన్ ఆ ఓడలో ఉన్నప్పుడు వాడు ఎవరి రొట్టె తింటున్నాడు?"

ఆ వాచిన కాలితోనే వెళ్ళి కట్టెలు కొట్టాడు. కొట్టినన్ని కట్టెలు మాకు అక్కర్లేదు.

ఫిబ్రవరి 13

జోథమ్ చెడ్డవాడు కాదు. ఇక్కడ ఎవరికీ చెప్పలేను గనక ఇందులో రాస్తున్నాను. డెబ్బై నాలుగులో ఇంగ్లండు సరుకు కొనబోమని ఊరంతా ఒట్టేసి సంతకం పెడుతుంటే, వాడు పెట్టలేదు. "పంతులుగిరీకి చేరినప్పుడే రాజుకి ఒట్టేశాను, నాకున్నది ఒక్క నోరు" అన్నాడు. ఎవరి మీదా తుపాకి ఎత్తలేదు. బడి తలుపుకి తారు పూశారు. వాడే కడుక్కుని, మర్నాడు మళ్ళీ బడి తెరిచాడు. రెండోసారి పూసినప్పుడు ఎవరూ పిల్లల్ని పంపలేదు. రాజు సైన్యం బోస్టన్ వదిలి ఓడలెక్కినప్పుడు వాడూ వెళ్ళిపోయాడు.

తారు పూసినవాళ్ళలో ఎవరున్నారో నాకు తెలియదు.

తెలుసు. ఆసహెల్ చేతులకి వారం రోజులు ఆ వాసన పోలేదు.

ఫిబ్రవరి 16

సబ్మిట్ ఉపాయం చెప్పింది. "పది మంది సంతకాలు పెడితే ఏ సంగతైనా మార్చి నెల సభలో పెట్టాల్సిందే వదినా. అది చట్టం. సంతకాలు మగాళ్ళవి కావాలి, నడవడం ఎవరైనా నడవచ్చు."

నడిచాం. మంచులో దాని ఒంటికన్నూ నా గుండెదడా.

మిల్లు నడిపే జెబులన్ మొదటి సంతకం పెట్టాడు. "పెద్దమ్మా, నీ కొడుకు దగ్గరే నేను భాగహారం నేర్చుకున్నాను. నా గింజ మొక్కజొన్నే. గుప్పిట్లో ఏముందో ఎవడికి తెలుస్తుంది?"

సబ్మిట్ ఊరుకోదు కదా. "నీ తూకంలో ఏముందో కూడా ఎవరికీ తెలియదులే నాయనా, ఆ అలవాటు ఇలా పనికొచ్చింది" అంది.

ఫిబ్రవరి 20

తొమ్మిది సంతకాలు. సంతకం పెట్టనివాళ్ళు కూడా చాలామంది గుమ్మం దాకా వచ్చి మెల్లగా చెప్పారు, "పేరు రాయలేనమ్మా, గింజ మాత్రం నీ వైపే" అని. అడక్కపోయినా ఆసహెల్‌ని కూడా కలిపి లెక్క రాసుకున్నాను. నలభై మూడు. ఊళ్ళో ఓటున్నవాళ్ళు డెబ్బై ఐదు మంది. నలభై మూడంటే చాలు, ఎక్కువే. నాలుగుసార్లు కూడి చూశాను.

పదో సంతకం దొరకడం లేదు.

ఫిబ్రవరి 21

ఆసహెల్ పెట్టాడు!

కాగితం బల్ల మీద ఉంటే తనంతట తానే కలం ముంచాడు. నేను ఏడుపు మొదలుపెట్టేలోగా అన్నాడు: "అడగడం వరకు నీ హక్కు. అందుకని పెట్టాను. నా గింజ మాత్రం నా ఇష్టం. అది అడక్కు."

అడగలేదు. అడగనక్కర్లేదు, వాడి గింజ మొక్కజొన్నే. తమ్ముడికి తారు పూసిన చెయ్యి మళ్ళీ పూయదు.

ఫిబ్రవరి 27

సభ ప్రకటన మందిరం తలుపుకి కొట్టారు. ఆరోది: "జోథమ్ క్రాకర్ కూతురితో సహా ఈ ఊళ్ళో తిరిగి కాపురం ఉండడానికి ఒప్పుకోవాలా వద్దా." మొదటిది కంచె దాటిన పందుల గురించి.

మా చర్చి పెద్ద, డీకన్ ఎలియాకిమ్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడట. ఆయనకి ఇద్దరు కొడుకులు యుద్ధంలో పోయారు, ఒకే శరత్కాలంలో.

చిక్కుడు సంచి విప్పి గింజలు ఏరాను. ఎంత తెల్లగా, ఎంత గట్టిగా ఉన్నాయో. ఒక్కొక్కటీ ఒక 'కాదు'.

ఫిబ్రవరి 29

శుక్రవారం. రేపటికి గింజలు నానబోశాను.

మార్చి 1

శనివారం. ఎప్పటిలాగే చిక్కుడు గింజల్లో చెరకు మడ్డీ, ఉప్పు పంది ముక్కా వేసి పొద్దున్నే ఇటుక పొయ్యిలో పెట్టాను. ఆదివారం వంట చేయకూడదు కదా, రెండు రోజులకీ ఈ కుండే. వంటింటి డబ్బాలో గింజలు అయిపోవచ్చాయి. చీకటి గదిలో చేతికి ఏ సంచి తగిలిందో ఏమో. చూసుకోలేదు. ముసలితనం.

మార్చి 2

ఆదివారం. ప్రసంగం సగం వినబడలేదు.

మధ్యాహ్నం ఆసహెల్, "ఆ ఉత్తరం ఏదమ్మా" అన్నాడు. ఏ ఉత్తరమన్నాను. వాడు లేచి బైబిలు తీసి తిన్నగా సంఖ్యాకాండం తెరిచాడు. నా దాపరికాలు వాడికి చిన్నప్పటినుంచీ తెలుసు.

నిలబడే చదివాడు. ఒకచోట ఆగాడు. ఎక్కడ ఆగాడో నాకు తెలుసు. మొదటినుంచీ మళ్ళీ చదివాడు. మడిచి, అదే పేజీలో పెట్టాడు.

బల్ల దగ్గర కూర్చుని గింజలు రెండోసారి వడ్డించుకున్నాడు. "ఈసారి గింజలన్నీ ఒకే సైజున్నాయేంటి" అన్నాడు.

నేను నీళ్ళు తేవడానికి వెళ్ళాను.

మార్చి 3

జరిగింది జరిగినట్టు రాయాలి.

మొక్కజొన్న సంచీ, ఖాళీ చిక్కుడు సంచీ పట్టుకుని సభామందిరానికి వెళ్ళాను. పందులు, రోడ్డు, వంతెన అయ్యేదాకా తలుపు దగ్గర నిలబడ్డాను. ఆరోది పిలిచారు. సభ నడిపేవాడు సంచి విప్పాడు, లోపలికి చూశాడు, నా వంక చూశాడు.

"గింజలేవమ్మా?"

"వండేశాను" అన్నాను.

మందిరమంతా నవ్వు. సబ్మిట్ నా చెయ్యి పట్టుకుంది. "ఊరి తీర్పుని మడ్డీలో ఉడకబెట్టిందిరా పెద్దమ్మ!" అని ఎవరో అరిచారు. నేనూ నవ్వాను. నవ్వు వచ్చింది కూడా. గింజలు లేవు గదా, ఇక అందరూ మొక్కజొన్నే వెయ్యాలి గదా. ఇది ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

జెబులన్ లేచాడు. "మిల్లు ఇక్కడే కదా, పరుగెత్తి ఒక దోసెడు తెస్తాను."

అప్పుడు డీకన్ ఎలియాకిమ్ నిలబడ్డాడు. ఆయన గొంతు పెంచడు. "అక్కర్లేదు. గింజలు లేకపోవడమే మంచిదైంది. పందుల గురించి చేతులెత్తాం. నా పిల్లల్ని చంపిన రాజు మనిషి గురించి గుప్పిట ఎందుకు మూసుకోవాలి? రమ్మనేవాడు నా ముఖం చూసి రమ్మనాలి. చేతులెత్తండి."

ఆ మాటకి ఎదురు ఎవరు చెప్తారు? ఆయన ముఖం చూసి?

"ఒప్పుకునేవాళ్ళు" అన్నాడు సభ నడిపేవాడు.

జెబులన్ చెయ్యి లేచింది. చెవి దాకా లేచింది. చెవి గోక్కుని దిగిపోయింది. గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని మాటిచ్చినవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు చూసుకుంటున్నారు. ఇక్కడొకటి, అక్కడొకటి, భయంభయంగా లేచాయి.

ముందు వరసలో ఆసహెల్ లేచి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు, పూర్తిగా, చూరుకి తగిలించేలా.

డీకన్ మెల్లగా అన్నాడు, "ఆసహెల్, నువ్వు రూబెన్ తండ్రివి."

"ఆ సంగతి నాకు తెలుసు డీకన్ గారూ. లెక్కపెట్టండి."

లెక్కపెట్టారు. ముప్ఫై ఒకటి. కాదన్నవాళ్ళు నలభై నాలుగు.

నా లెక్క నలభై మూడు. గుప్పిట్లో అయితే నలభై మూడు. పన్నెండు మంది గుప్పిళ్ళు నేను ఉడకబెట్టేశాను.

మార్చి 4

చూసుకోలేదని రాశాను. చూసుకునే వేశాను.

మార్చి 5

చిక్కుడు గింజలు లేకపోతే 'కాదు' అనేదే ఉండదనుకున్నాను. అంత తెలివితక్కువగా ఎవరైనా అనుకుంటారా? చీకటి గదిలో ఆ సంచి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఏ సంచో తెలుసు. మా ఆయన బతికుంటే ఏమనేవాడు? ఆ పెట్టె చేసేటప్పుడు ఎక్కడా సందు లేకుండా జిగురు పెట్టాడు, లోపలి గింజ బయటికి కనపడకూడదని. దాన్ని పగలగొట్టింది నేనే.

నా కొడుకుని రెండోసారి వెళ్ళగొట్టింది నేనే.

మార్చి 6

తినలేదు. డోర్కస్ గంజి తెచ్చింది.

మార్చి 8

శనివారం. డీకన్ ఎలియాకిమ్ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. టోపీ చేతిలో పట్టుకుని అన్నాడు: "మెహిటబుల్ అమ్మా, నా మీద కోపం ఉంచుకోకు. నీకు రావాల్సినవాడు ఒకడున్నాడు. నాకు ఇద్దరున్నారు. నా వాళ్ళ కోసం ఏ సభలో ఓటు పెట్టించను?"

కోపం లేదన్నాను. నిజంగానే లేదు, నా మీద తప్ప. తప్పు నాదని చెప్పబోయాను, చెప్పలేకపోయాను. ఆయనకి ఒక గిన్నెడు గింజలు పెట్టిచ్చాను. జెబులన్ పంపిన గింజలు. సంచెడు పంపాడు, సిగ్గుపడి. డీకన్ గిన్నె పట్టుకుని మంచులో నెమ్మదిగా వెళ్ళాడు. ఆ ఇంట్లో వండేవాళ్ళు లేరు.

మార్చి 9

ఆసహెల్‌కి చెప్పేశాను. అంతా. సంచి సంగతి.

వాడు ఆశ్చర్యపోలేదు. "ఒకే సైజు గింజలు తిన్నప్పుడే అనుకున్నాను" అన్నాడు. కోటు జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు. చిక్కుడు గింజ. విత్తనాల డబ్బాలోది, నల్ల మచ్చ ఉంది.

"ఇదేంట్రా?"

"సభకి ఇంటినుంచి తీసుకెళ్ళాను. పెట్టె పెడితే ఇదే వేసేవాణ్ణమ్మా. నీకు చెప్పకుండా. ఎవరికీ తెలియకుండా."

గింజని దీపం దగ్గర పెట్టి చూశాను.

"ఉత్తరం చదివాక కూడానా?"

"చదివాక కూడా. చదివాక ఇంకా గట్టిగా. వాడు రూబెన్ పిల్లల్ని అడుగుతాడా అనిపించింది. రాత్రంతా జేబులో ఉంది. కానీ చెయ్యి ఎత్తమన్నారు, నువ్వు తలుపు దగ్గర ఆ ఖాళీ సంచి పట్టుకుని నిలబడి ఉన్నావు. డీకన్ అన్నది నిజమే, ముఖం చూసే చెప్పాలి. చూశాను. కాదనలేకపోయాను." కాలు నొక్కుకుంటూ అన్నాడు, "ఇప్పటికీ కోపం ఉంది. ఉంటుంది. బోస్టన్‌లో నా పక్కన జరిగి చోటిచ్చినాయనకి కూడా కోపం పోయి ఉండదు, ఏడు వారాలు అరుచుకున్నాం. అయినా జరిగాడు."

ఏడు వారాలు కాదు, నాలుగు. వాడికి ఏడులా అనిపించి ఉంటుంది. నాకైతే పదిలా.

గింజ తిరిగిస్తే తీసుకోలేదు.

మార్చి 10

జోథమ్‌కి ఉత్తరం రాశాను. ఊరు కాదందని రాశాను. ముప్ఫై ఒక్కమంది ఔనన్నారని రాశాను, అందులో మీ అన్న ఒకడని పెద్ద అక్షరాలతో రాశాను. గింజల సంగతి రాయలేదు. అది ఎదురుగా చెప్పాలి. రూబెన్ సంగతి రాయడానికి మూడుసార్లు కలం ముంచాను.

ఆసహెల్ వెనకనుంచి, "అది వదిలెయ్. నేను చెప్తాను" అన్నాడు.

ఏప్రిల్ 6

జవాబు లేదు. సముద్రం.

ఏప్రిల్ 19

లేదు. మంచు కరిగింది. మచ్చ గింజ ఇంకా బల్ల సొరుగులోనే ఉంది. పారేయలేను, వండలేను.

మే 8

వచ్చింది!

ఊరు కాదంటే రానట. మా ఊరి తీర్పుని దాటనంటాడు. ఎప్పుడూ ఇంతే, ఒట్టు ఒట్టే. కానీ మా ఊరికి తూర్పున సరిహద్దు రాయి ఉంది కదా, రాయికి అవతల వెస్ట్‌ఫోల్డ్. వెస్ట్‌ఫోల్డ్ వాళ్ళు వాణ్ణి రావద్దని ఎప్పుడూ అనలేదు. అక్కడి సత్రానికి పిల్లతో వస్తాడట. రాయి దగ్గరికి వస్తాడట, నేను రాగలిగితే.

"రాగలిగితేనట" అంది సబ్మిట్. "వదినా, రాయికి ఇవతల కాళ్ళు పెట్టి అవతలికి వాటేసుకో. చేతులు ఏ ఊరివో ఎవడు చూస్తాడు?"

లోయిస్ వాళ్ళ నాన్నని అడిగింది, "మరి ఆ పిల్ల ఇవతలికి రావచ్చా నాన్నా? ప్రకటనలో కూతురితో సహా అనుంది."

ఆసహెల్ ఆలోచించాడు. వాడు ఇలాంటివి నిజంగానే ఆలోచిస్తాడు. "సభ కాదన్నది కాపురం ఉండడాన్ని. నాయనమ్మ ఇంట్లో మధ్యాహ్నం భోజనాన్ని కాదు. పిల్ల రావచ్చు." గుర్రానికి నాడాలు చూడ్డానికి వెళ్తూ ఆగి, "బండి నేను తోలుతాను. రూబెన్ సంగతి చెప్పేటప్పుడు నువ్వు పిల్లని తీసుకుని కాస్త అవతలికి వెళ్ళు" అన్నాడు.

వెళ్తానన్నాను.

మే 24

అందరూ ఎలా ఉన్నారు?

ఆసహెల్ కాలు, ఎండలకి తేలికపడింది. రెండు రోజులుగా మాట్లాడడం లేదు, లోపల ఏదో వల్లె వేసుకుంటున్నాడు. మాటలు రావు కదా వాడికి.

డోర్కస్ దగ్గు తగ్గింది. రూబెన్ చిన్నప్పటి చొక్కా ఒకటి పెట్టెలోంచి తీసి ఉతికింది. ఎందుకో అడగలేదు.

లోయిస్‌కి ఇంకో పన్ను. ఆవు ఈనింది, పెయ్య. సబ్మిట్ కన్ను అలాగే, నోరు అలాగే.

డీకన్ ఎలియాకిమ్‌కి రొంప. గింజలు పంపుతూనే ఉన్నాను. రాయి సంగతి ఆయనకి తెలుసు. అయినా గిన్నె కడిగి పంపాడు.

నేను, గుండె దడ. రాయి దాకా దారిలో రెండు వాగులు. వాన పడితే? బండి చక్రం విరిగితే? నన్ను చూసి ఎవరీ ముసలిది అనుకుంటే?

జోథమ్, జుట్టు నెరిసిందట. చేపల ఉప్పుకి చేతులు పగిలాయట. కొవ్వు కరగబెట్టి సీసాలో పోశాను. చిన్న మెహిటబుల్‌కి ముందు పళ్ళు రెండూ ఊడాయట. గింజలు మెత్తగా ఉడకాలి.

శనివారం కాకపోయినా ఆ రోజుకి కుండ పెడతాను. ముందురోజు మంగళవారం నానబోయాలి. మచ్చ గింజ కూడా అందులో వేస్తానంటే ఆసహెల్ అడ్డు చెప్పలేదు.

ఓడ వచ్చింది, సత్రంలో గది దొరికింది అని ఇవాళ కబురు వచ్చింది. జూన్ 4, బుధవారం, పొద్దున పది గంటలకి.